ప్రకటించకముందే ఓడిన పేరు: 2013లో ఫెడ్ కుర్చీ కోసం డెమొక్రాట్ల ఇంటిపోరు

2013 సెప్టెంబరు 15, ఆదివారం. మాజీ ఆర్థికమంత్రి లారీ సమ్మర్స్ అధ్యక్షుడు బరాక్ ఒబామాకు ఫోన్ చేసి, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఛైర్మన్ పదవికి తన పేరు పక్కన పెట్టమన్నారు. దానితో పాటే ఒక లేఖ. సెనేట్‌లో ఆమోద ప్రక్రియ పెద్ద రచ్చ అవుతుందని, దానివల్ల ఫెడ్‌కు గానీ, ప్రభుత్వానికి గానీ, అప్పుడప్పుడే కోలుకుంటున్న ఆర్థిక వ్యవస్థకు గానీ మేలు జరగదని ఆ లేఖ సారాంశం. చిత్రమేమిటంటే, వెనక్కి తీసుకోవడానికి అక్కడ నామినేషనే లేదు. వైట్‌హౌస్ ఆయన పేరు ప్రకటించలేదు, సెనేట్‌కు కాగితం వెళ్లలేదు, ఒక్క ఓటూ పడలేదు. వాల్‌స్ట్రీట్ పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసి, 2008 ఆర్థిక సంక్షోభం ముదిరి ఆ రోజుకు సరిగ్గా ఐదేళ్లు. కాకతాళీయమే అయినా, సమ్మర్స్ వద్దన్నవాళ్ల వాదనంతా ఆ తేదీలోనే ఉంది.

ఆయన్ను ఆపింది ప్రతిపక్షం కాదు. ఒబామాను రెండుసార్లు గెలిపించిన పార్టీ శ్రేణులు, వాళ్ల ఒత్తిడికి స్పందించిన డెమొక్రాట్ సెనేటర్లు. ఆ వేసవి అంతా డెమొక్రాట్ మద్దతుదారులు రెండుగా చీలి వాదించుకున్నారు. అయితే సమ్మర్స్ ఓటమిని తేల్చింది వాదనల బలం ఒక్కటే కాదు. ఆ వాదనలు ఎప్పుడు జరిగాయి, ఏ కమిటీలో ఎన్ని ఓట్లున్నాయి అన్నదే అసలు విషయం.

పదవి ఎలాంటిది

అప్పటి ఫెడ్ ఛైర్మన్ బెన్ బెర్నాంకీ రెండో పదవీకాలం 2014 జనవరి 31తో ముగియాలి. ఆయన అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ కాలమే ఉన్నారని 2013 జూన్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఒబామా అనడంతో కుర్చీ ఖాళీ అవుతోందని అందరికీ అర్థమైంది. వినిపించిన పేర్లు ప్రధానంగా రెండు: ఒబామా మొదటి రెండేళ్లూ వైట్‌హౌస్‌లో జాతీయ ఆర్థిక మండలి అధిపతిగా ఉన్న సమ్మర్స్, 2010 నుంచి ఫెడ్ ఉపాధ్యక్షురాలిగా ఉన్న జానెట్ యెలెన్. ఫెడ్ మాజీ ఉపాధ్యక్షుడు డొనాల్డ్ కోన్ పేరును కూడా ఒబామా ప్రస్తావించారు గానీ దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఫెడ్ బోర్డులో గవర్నర్లు ఏడుగురు. ఒక్కొక్కరి పదవీకాలం 14 ఏళ్లు. ఛైర్మన్ ఆ ఏడుగురిలో ఒకరై ఉండాలి, ఛైర్మన్ గిరీ మాత్రం నాలుగేళ్లు. వడ్డీ రేట్లు నిర్ణయించే కమిటీలో ఓట్లు 12. ఏడుగురు గవర్నర్లవి, న్యూయార్క్ ఫెడ్ అధ్యక్షుడిది, మిగతా 11 ప్రాంతీయ బ్యాంకుల్లో వంతుల వారీగా వచ్చే నలుగురివి. ఛైర్మన్‌కూ ఒకటే ఓటు. కాబట్టి ఆయన పని హుకుం జారీ చేయడం కాదు, మిగతావాళ్లను ఒప్పించడం. ఈ చిన్న విషయం తర్వాతి వాదనల్లో చాలా పెద్దదైంది.

ఇంకో మెలిక ఉంది. యెలెన్ అప్పటికే గవర్నర్, ఆమె గవర్నర్ గడువు 2024 దాకా ఉంది. ఆమెకు ఛైర్ పదవికి ఆమోదం దొరికితే చాలు. సమ్మర్స్ బోర్డులో లేరు. ముందు గవర్నర్‌గా, ఆపైన ఛైర్మన్‌గా రెండు ఆమోదాలు కావాలి. రెండూ ఒకే విచారణలో కలిపి నడిపించడం రివాజే అయినా, అడ్డుపడదలచినవారికి రెండు చోట్ల అడ్డుపడే వీలు దొరుకుతుంది.

మన దగ్గర రిజర్వ్ బ్యాంకు గవర్నర్ నియామకానికి ఇలాంటి తతంగం లేదు. 1934 నాటి ఆర్‌బీఐ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది, గరిష్ఠంగా ఒక విడతకు ఐదేళ్లు, పార్లమెంటులో ఓటింగ్ లేదు. కేబినెట్ నియామకాల కమిటీ సంతకం పెడితే పని పూర్తయినట్టే. అధికార పార్టీ కార్యకర్తకు పేరు నచ్చకపోతే గొణుక్కోవడం తప్ప చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అమెరికాలో మాత్రం ఒక పట్టు ఉంది: సెనేట్.

మద్దతుదారుల వాదులాట

సమ్మర్స్ వైపు నిలిచిన ఒబామా అభిమానుల మొదటి మాట సూటిగా ఉండేది. అధ్యక్షుడికి తన జట్టును తాను ఎంచుకునే హక్కుంది, మనం గెలిపించిన మనిషిని మనమే నమ్మకపోతే ఎలా? మంత్రివర్గం విషయంలో ఇది బలమైన మాటే. ఫెడ్ విషయంలో నిలవదు. ఛైర్మన్ అధ్యక్షుడి జట్టు సభ్యుడు కాడు. విధానం నచ్చలేదని ఫెడ్ గవర్నర్‌ను అధ్యక్షుడు తొలగించలేడు, చట్టం తగిన కారణం చూపించమంటుంది. పైగా 2014 ఫిబ్రవరిలో కుర్చీ ఎక్కినవారు 2018 ఫిబ్రవరి దాకా ఉంటారు. ఒబామా దిగిపోయేది 2017 జనవరిలో. అంటే అధ్యక్షుడు ఇల్లు చేరాక కూడా ఏడాదికి పైగా ఈ నియామకం నడుస్తుంది. దాన్ని తన జట్టు అనడం కుదరదు.

రెండో వాదన అనుభవం. 1990లలో మెక్సికో, ఆసియా, రష్యా సంక్షోభాల్లో ట్రెజరీలో (అమెరికా ఆర్థిక శాఖ) ఉండి పనిచేసినవాడు, 1999 జూలై నుంచి 2001 జనవరి దాకా ఆర్థికమంత్రి, 2009లో ఆర్థిక వ్యవస్థ అగాధంలోకి జారుతున్నప్పుడు రోజూ ఉదయం అధ్యక్షుడికి పరిస్థితి వివరించినవాడు. మరో సంక్షోభం వస్తే ఇలాంటి మనిషే కావాలన్నది వీళ్ల మాట. దీనికి ఎదురుమాటగా యెలెన్ పక్షంవారు రికార్డు చూపించారు. 1994లో ఫెడ్ గవర్నర్, 1997లో క్లింటన్ ఆర్థిక సలహా మండలి అధ్యక్షురాలు, 2004 నుంచి 2010 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడ్ అధ్యక్షురాలు. ఆ జూలైలో ఒక ఆర్థిక దినపత్రిక 2009–12 మధ్య ఫెడ్ విధానకర్తలు 14 మంది చెప్పిన 700కు పైగా అంచనాలను తీసి, జరిగినదానితో పోల్చి మార్కులు వేస్తే మొదటి స్థానం యెలెన్‌ది. సంక్షోభాన్ని ముందే పసిగట్టేవారు కావాలా, వచ్చాక ఆర్పేవారు కావాలా అన్న ప్రశ్న అక్కడే తలెత్తింది.

మూడోది, అన్నిటికన్నా వేడెక్కినది: ఆర్థిక రంగంపై నియంత్రణల సడలింపు. ఇక్కడ ఉద్యమకారులు ఎక్కువగా పట్టుకున్న ఆయుధం బలహీనమైనది. పక్కన పెట్టినది బలమైనది.

వాళ్లు పదేపదే ఎత్తిచూపింది గ్లాస్–స్టీగల్ చట్టం. డిపాజిట్లు తీసుకునే బ్యాంకునూ, షేర్ల వ్యాపారం చేసే బ్యాంకునూ వేరుచేసిన 1933 నాటి గోడ అది. 1999లో గ్రామ్–లీచ్–బ్లైలీ చట్టంతో దాన్ని పడగొట్టినప్పుడు సమ్మర్స్ ఆర్థికమంత్రి, గట్టిగా సమర్థించారు కూడా. అయితే సమ్మర్స్ సమర్థకుల జవాబులో పస ఉంది. 2008లో కూలిన లేమన్ బ్రదర్స్, బేర్ స్టెర్న్స్ డిపాజిట్ బ్యాంకులతో కలిసినవి కావు. గోడ ఉన్నా అవి అలాగే కూలేవి.

డెరివేటివ్‌ల కథ అలా కాదు. వడ్డీ, ధర, అప్పు వంటివి ఎటు కదులుతాయన్నదాని మీద కుదుర్చుకునే ఒప్పందాలవి. 1998 మే నెలలో కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ అధ్యక్షురాలు బ్రూక్స్‌లీ బార్న్ ఒక పత్రం విడుదల చేశారు. ఎక్స్ఛేంజీల బయట, రెండు సంస్థల మధ్య గుట్టుగా సాగే డెరివేటివ్ ఒప్పందాలపై నిఘా అవసరమా అని అందులో అడిగారు. నియమం కూడా కాదది, ప్రశ్నల జాబితా. అదే రోజు ఆర్థికమంత్రి రాబర్ట్ రూబిన్, ఫెడ్ అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్, మార్కెట్ నియంత్రణ సంస్థ అధిపతి ఆర్థర్ లెవిట్ ముగ్గురూ కలిసి దాన్ని తప్పుపడుతూ ప్రకటన ఇచ్చారు. అప్పుడు ఉప మంత్రిగా ఉన్న సమ్మర్స్ కాంగ్రెస్ ముందు దానికి వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చారు. ఆ సెప్టెంబరులోనే లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే హెడ్జ్ ఫండ్ (సంపన్నులు, సంస్థల డబ్బుతో రిస్కు పెట్టుబడులు పెట్టే నిధి) సరిగ్గా అలాంటి ఒప్పందాలతో కూలబోతే, న్యూయార్క్ ఫెడ్ పూనుకుని బ్యాంకుల చేత డబ్బు పెట్టించి నిలబెట్టాల్సి వచ్చింది. అయినా గుణపాఠం ఎక్కలేదు. 2000 డిసెంబరులో వచ్చిన చట్టం ఆ ఒప్పందాలను దాదాపు పూర్తిగా నియంత్రణ బయట వదిలేసింది. అప్పుడు ఆర్థికమంత్రి సమ్మర్సే. 2008లో ఏఐజీ అనే బీమా సంస్థను ముంచినవి ఆ కోవకు చెందిన క్రెడిట్ డీఫాల్ట్ స్వాప్‌లు, అంటే అప్పు మునిగితే నష్టం తాము భరిస్తామన్న ఒప్పందాలు. దాన్ని ఆదుకోవడానికి ప్రభుత్వం, ఫెడ్ కలిసి గరిష్ఠంగా 18,200 కోట్ల డాలర్ల దాకా హామీపడ్డాయి.

మనవాళ్లకు ఇందులో తెలిసిన పేరు ఒకటుంది. 2005 ఆగస్టులో, కేంద్ర బ్యాంకుల పెద్దలు ఏటా కలిసే జాక్సన్ హోల్ సభలో రఘురామ్ రాజన్ ఒక పరిశోధన పత్రం చదివారు. ఆర్థిక రంగంలో కొత్త సాధనాలు ప్రమాదాన్ని తగ్గించలేదు, పెంచి ఉండవచ్చు అన్నది దాని సారం. ఆ పత్రం మూలవాదనే చాలావరకు తప్పుదారిదని అదే సభలో సమ్మర్స్ కొట్టిపారేశారు. మూడేళ్లకు ఎవరు చెప్పింది నిజమో లోకం చూసింది. 2013లో సమ్మర్స్ పేరు నలుగుతున్నప్పుడు ఈ ఘటన మళ్లీ మళ్లీ తవ్వి తీశారు. ఆ సెప్టెంబరు 4నే రాజన్ మన రిజర్వ్ బ్యాంకు గవర్నర్ అయ్యారు.

దీనికి డబ్బు కోణం తోడైంది. వైట్‌హౌస్‌కు రాకముందు సమ్మర్స్ డీ.ఈ. షా అనే హెడ్జ్ ఫండ్ నుంచి ఒక్క ఏడాదిలో దాదాపు 52 లక్షల డాలర్లు సంపాదించారు. బ్యాంకులు, ఇతర సంస్థల సభల్లో ప్రసంగాలకు మరో 27 లక్షల డాలర్ల దాకా. 2009లో ఆయనే ఆస్తుల వివరాల పత్రంలో వెల్లడించిన సంగతులివి, ఎవరో మోపిన ఆరోపణలు కావు. సంపాదించడం నేరం కాదని సమర్థకులు అన్నారు. నిజమే. అయితే సంక్షోభం తర్వాత బ్యాంకులను కట్టడి చేయడానికి 2010లో వచ్చిన డాడ్–ఫ్రాంక్ చట్టం నియమాల్లో చాలా భాగం ఇంకా రాయాల్సి ఉంది, వాటిలో ఫెడ్ చేయి పెద్దది. బ్యాంకులు సొంత డబ్బుతో జూదమాడకూడదన్న వోల్కర్ నియమం అప్పటికి తుదిరూపు కూడా దాల్చలేదు. నియమాలు రాసేవాడు ఎటువంటివాడు అన్న ప్రశ్న ఆ సమయంలో అడగదగ్గదే.

స్త్రీల విషయం విడిగా చెప్పుకోవాలి. హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉండగా 2005 జనవరిలో, విజ్ఞాన రంగాల్లో అగ్రస్థాయిలో స్త్రీలు తక్కువగా ఉండడానికి సహజ సామర్థ్యంలోని తేడాలు ఒక కారణం కావచ్చన్న అర్థంలో సమ్మర్స్ మాట్లాడారు. అధ్యాపకులు అవిశ్వాస తీర్మానం చేశారు, మరుసటి ఏడాది ఆయన తప్పుకున్నారు. ఈ నేపథ్యంలో, శతాబ్దపు ఫెడ్ చరిత్రలో మొదటి మహిళా అధిపతి అయ్యే అవకాశమున్న వ్యక్తిని దాటి ఆయన్నే ఎంచుకోవడం మహిళా సంఘాలకు ఎంతమాత్రం మింగుడుపడలేదు. అదే సమయంలో యెలెన్ గురించి వాషింగ్టన్‌లో పేరు చెప్పకుండా వినిపించిన గుసగుసలు పరిస్థితిని ఇంకా చెడగొట్టాయి. ఆవిడ మెత్తని మనిషి, అంత బరువైన కుర్చీకి సరిపోతారా అన్న ధోరణి వాటిది. 12 మందిని ఒప్పించి నడపాల్సిన పదవికి మెత్తదనం లోటు ఎలా అవుతుందో ఆ గుసగుసలాడినవారు చెప్పలేదు.

సమ్మర్స్ పక్షం చేసిన అత్యంత న్యాయమైన వాదన అన్నిటికన్నా తక్కువగా వినిపించింది. 2013 నాటి సమ్మర్స్ 1999 నాటి సమ్మర్స్ కాదన్నది అది. ప్రభుత్వం అప్పుచేసి అయినా ఖర్చుపెట్టాలని, నిరుద్యోగమే మొదటి శత్రువని ఆయన అప్పటికే రాస్తూ వచ్చారు. ఇది పార్టీ వామపక్షం కోరుకునే మాటే. దురదృష్టమేమిటంటే ఇది బడ్జెట్‌కు సంబంధించిన మాట, ఫెడ్‌కు సంబంధించినది కాదు. ఫెడ్ చేతిలో ఉన్న పని వేరు. నెలకు 8,500 కోట్ల డాలర్లతో బాండ్లు కొంటోంది, అందులో 4,500 కోట్లు ప్రభుత్వ బాండ్లకు, 4,000 కోట్లు గృహరుణాల బాండ్లకు. ఆ కొనుగోళ్ల వల్ల అసలు ఆర్థిక వ్యవస్థకు ఒరిగేది జనం అనుకునేంత ఉండదన్న అర్థంలో సమ్మర్స్ ఒక ప్రైవేటు సభలో మాట్లాడారని జూలైలో వార్తలొచ్చాయి. నిరుద్యోగం అప్పటికి 7.3 శాతం. ఉద్యోగాల కోసం ఆయన్ను సమర్థిద్దామనుకున్నవారి కాళ్ల కింద నేల అక్కడే కదిలింది.

కమిటీ లెక్క

వాదనలు ఎన్నయినా ఉండనీ, ఓట్లు లెక్కపెట్టే చోటు ఒకటుంది. సెనేట్ బ్యాంకింగ్ కమిటీ. అప్పుడు అందులో డెమొక్రాట్లు 12, రిపబ్లికన్లు 10. అధ్యక్షుడు నామినేషన్ పంపితే ముందు కమిటీకి వెళ్తుంది. విచారణ జరుగుతుంది, సెనేటర్లు రాతపూర్వకంగా ప్రశ్నలు వేస్తారు, జవాబులు వచ్చాక ఓటు. కమిటీ పేరును సిఫారసు చేసి పంపవచ్చు, వ్యతిరేక సిఫారసుతో పంపవచ్చు, ఏ సిఫారసూ లేకుండా కూడా పంపవచ్చు. ఏది చేయాలన్నా మెజారిటీ కావాలి. ఓట్లు సమానమైతే పేరు అక్కడే ఆగుతుంది. కమిటీ చేతుల్లోంచి లాక్కుని సభ ముందు పెట్టే దారి ఉంది గానీ, అప్పటి నిబంధనల ప్రకారం దానిపై చర్చను ముగించడానికే 60 ఓట్లు కావాలి.

22 మంది ఉన్న కమిటీలో 12 ఓట్లు రావాలి. డెమొక్రాట్లలో ఒక్కరు జారినా 11–11. షెరాడ్ బ్రౌన్, జెఫ్ మెర్క్‌లీ, ఎలిజబెత్ వారెన్ ముగ్గురూ సుముఖంగా లేరని ఆగస్టుకే తేలిపోయింది. ఊరకే అలిగినవాళ్లు కారు వీళ్లు. పెద్ద బ్యాంకులను విడగొట్టేలా చేసే బిల్లు బ్రౌన్‌ది. వోల్కర్ నియమాన్ని చట్టంలోకి తెచ్చిన ఇద్దరిలో మెర్క్‌లీ ఒకరు. కొత్త గ్లాస్–స్టీగల్ బిల్లును వారెన్ ఆ జూలైలోనే ప్రవేశపెట్టారు. ముగ్గురు పోతే మిగిలేది తొమ్మిది, కావలసినవి మూడు రిపబ్లికన్ ఓట్లు. కష్టమే గానీ అసాధ్యం కాదు.

సెప్టెంబరు 13, శుక్రవారం మోంటానా సెనేటర్ జాన్ టెస్టర్ కూడా తన ఓటు వ్యతిరేకమేనని చెప్పించారు. అసలు దెబ్బ ఇది. టెస్టర్ వామపక్షం మనిషి కాదు. రైతు, రిపబ్లికన్ల వైపు మొగ్గే రాష్ట్రం నుంచి గెలిచినవారు, పల్లెల్లోని చిన్న బ్యాంకుల తరఫున మాట్లాడేవారు. వాల్‌స్ట్రీట్ అంటే మోంటానాలో ఉన్న అపనమ్మకానికి వామపక్ష సిద్ధాంతంతో పనిలేదు. నలుగురు పోతే ఎనిమిది. ఇప్పుడు పదిమంది రిపబ్లికన్లలో నలుగురు రావాలి. నార్త్ డకోటా సెనేటర్ హైడీ హైట్‌క్యాంప్ కూడా ఊగిసలాటలో ఉన్నారని వార్తలు. ఐదోవారూ జారితే కావలసినవి ఐదు, అంటే ప్రతిపక్షంలో సగం. ఒబామా పంపిన పేరు కాబట్టి వ్యతిరేకించడమే పనిగా ఉన్న ఆనాటి రిపబ్లికన్లలో సగం మందిని తెచ్చుకోవాలి. అందులోనూ కమిటీ బయట కాన్సాస్ సెనేటర్ పాట్ రాబర్ట్స్, సమ్మర్స్‌ను తన పెరట్లో గడ్డి కోయడానికి కూడా పిలవనని అప్పటికే అనేశారు.

కమిటీ దాటినా సభలో ఇంకో గండం ఉంది. అప్పట్లో డెమొక్రాట్ల బలం ఇద్దరు స్వతంత్రులతో కలిపి 54. చర్చ ముగించడానికి కావలసింది 60. నలుగురు పోతే పదిమంది రిపబ్లికన్లు కావాలి. ఆదివారం వచ్చిన ఫోను శుక్రవారం నాటి ఈ లెక్కకు జవాబు.

వైట్‌హౌస్ ఎక్కడ తప్పింది

పేరు ప్రకటించకుండా గాల్లో వదిలి స్పందన చూడటం ప్రభుత్వాలకు పాత అలవాటే. మన దగ్గర మంత్రివర్గ విస్తరణకు ముందు వచ్చే లీకుల లాంటిదే. దానికి ఒక షరతుంది: వారం పదిరోజుల్లో తేల్చేయాలి. ఒబామా రెండు నెలలకు పైగా నాన్చారు. జూలై చివర్లో యెలెన్‌ను నియమించమని కోరుతూ బ్రౌన్ చొరవతో సాగిన లేఖపై దాదాపు 20 మంది సెనేటర్లు సంతకాలు చేశారు. పార్టీ బలంలో మూడో వంతుకు పైనే. జూలై 31న ప్రతినిధుల సభ డెమొక్రాట్లతో తలుపులు మూసి జరిపిన సమావేశంలో కొలరాడో సభ్యుడు ఎడ్ పెర్ల్‌మటర్ సమ్మర్స్ వద్దని మొహమాటం లేకుండా చెబితే, ఒబామా సమ్మర్స్‌ను వెనకేసుకొచ్చారు. సెప్టెంబరులో 350 మందికి పైగా ఆర్థికవేత్తలు యెలెన్ కోసం లేఖ రాశారు. ఇంత జరుగుతున్నా వైట్‌హౌస్ నుంచి వచ్చిన సమాధానం, నిర్ణయం ఇంకా కాలేదనే.

ఆ మాట సమ్మర్స్ చేతులు కట్టేసింది. అధికారిక అభ్యర్థి అయితే సెనేటర్ల గదులకు వెళ్లి ఒక్కొక్కరితో మాట్లాడవచ్చు, డెరివేటివ్‌లపై తన అభిప్రాయం ఎలా మారిందో చెప్పుకోవచ్చు, పార్టీ యంత్రాంగం వెంట ఉంటుంది. అభ్యర్థే కానివాడు తనను తాను సమర్థించుకుంటే పదవి కోసం పైరవీ చేస్తున్నాడంటారు. దాంతో ప్రత్యర్థులు మాట్లాడుతూనే ఉన్నారు, ఆయన మౌనంగానే ఉన్నారు.

మద్దతుదారులకు కలిసొచ్చిందీ ఇదే. పేరు ప్రకటించాక వద్దంటే అది అధ్యక్షుడిపై తిరుగుబాటు, ప్రకటించకముందు అంటే అది సలహా. లేఖపై సంతకం పెట్టిన 20 మందిలో ఎంతమంది ప్రకటన తర్వాత కూడా వ్యతిరేక ఓటు వేసేవారో చెప్పడం కష్టం. యెలెన్ కావాలనడం వేరు, సమ్మర్స్‌కు వ్యతిరేకంగా సభలో చెయ్యెత్తడం వేరు. జూలైలోనే పేరు ప్రకటించి ఉంటే బహుశా గెలిచేవారు. పైగా ఆగస్టు చివర్లో సిరియాపై దాడికి కాంగ్రెస్ అనుమతి అడిగి, ఒబామా సొంత పార్టీ సభ్యుల దగ్గర ఉన్న పలుకుబడినంతా అక్కడ ఖర్చుపెట్టుకున్నారు. అక్టోబరు 1కి బడ్జెట్ గడువు తరుముకొస్తోంది. సెప్టెంబరు రెండో వారంలో ఒక జపాన్ పత్రిక సమ్మర్స్ పేరు ఖాయమైందని రాస్తే వైట్‌హౌస్ ఖండించింది. టెస్టర్ బయటపడింది కూడా ఆ రోజుల్లోనే.

రూపాయి వైపు నుంచి చూస్తే

ఈ తగాదా సెగ ఏలూరు, కరీంనగర్ కుటుంబాలకూ తగిలింది. బాండ్ల కొనుగోలు తగ్గించవచ్చని బెర్నాంకీ 2013 మే 22న కాంగ్రెస్ ముందు సూచించగానే డాలర్లు మన వంటి దేశాల నుంచి వెనక్కి మళ్లాయి. అప్పుడు 55–56 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 రూపాయలు దాటింది. ఏడాదికి 20,000 డాలర్ల ఫీజు కట్టాల్సిన విద్యార్థికి 56 లెక్కన 11.2 లక్షలు, 68 లెక్కన 13.6 లక్షలు. సీటు అదే, కోర్సు అదే, తేడా 2.4 లక్షలు. అమెరికా నుంచి కొడుకు డబ్బు పంపే ఇంట్లో మాత్రం అదే తేడా లాభం. అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్, తెలుగువారైన దువ్వూరి సుబ్బారావు జూలైలో స్వల్పకాలిక వడ్డీని బిగించి రూపాయిని పట్టుకోవాలని చూశారు. ఆయన తర్వాత వచ్చిన రాజన్, ప్రవాసుల డాలర్ డిపాజిట్లకు బ్యాంకులతో మారకపు ఒప్పందం తెరిచారు.

సమ్మర్స్ వస్తే కొనుగోళ్లు త్వరగా ఆగుతాయని, వడ్డీలు పెరుగుతాయని మార్కెట్లు అనుకున్నాయి. మే మొదట్లో 1.6 శాతం దగ్గరున్న అమెరికా పదేళ్ల బాండు రాబడి సెప్టెంబరు మొదటి వారానికి 3 శాతం దాకా వెళ్లింది. అదంతా సమ్మర్స్ వల్ల కాదు, పెద్ద భాగం బెర్నాంకీ మాటల ఫలితమే. అయినా ఆయన తప్పుకున్న మర్నాడు, సోమవారం షేర్లు ఎగశాయి, రాబడి తగ్గింది. వాల్‌స్ట్రీట్ మనిషని ముద్రవేసి పార్టీ అడ్డుకున్న వ్యక్తి తప్పుకుంటే వాల్‌స్ట్రీటే సంబరపడింది! ఇక్కడ రాజన్ తన మొదటి ద్రవ్య విధాన సమీక్షను ఫెడ్ సమావేశం ఫలితం చూశాకే చేద్దామని సెప్టెంబరు 18 నుంచి 20కి జరిపారు.

ఆ తర్వాత

అక్టోబరు 9న ఒబామా యెలెన్ పేరు ప్రకటించారు. నవంబరు 21న కమిటీ 14–8తో ఆమోదించింది. ముగ్గురు రిపబ్లికన్లు అనుకూలం, డెమొక్రాట్ జో మాంచిన్ వ్యతిరేకం. అదే రోజు సెనేట్ 52–48తో నిబంధన మార్చి, ఇలాంటి నియామకాలపై చర్చ ముగించడానికి 60 బదులు మామూలు మెజారిటీ చాలంది. డిసెంబరు 20న యెలెన్‌కు ఆ దశలో వచ్చినవి 59 ఓట్లు! పాత నిబంధనే ఉంటే ఒకటి తక్కువ. 2014 జనవరి 6న తుది ఓటు 56–26. గడ్డకట్టే చలిగాలుల వల్ల ఆ రోజు చాలామంది సెనేటర్లు వాషింగ్టన్ చేరలేకపోయారు.

వాదించుకున్న రెండు పక్షాలూ సమ్మర్స్‌ను సరిగ్గా అంచనా వేయలేదని తర్వాత తేలింది. తప్పుకున్న రెండు నెలలకే, ఆ నవంబరులో, ఐఎంఎఫ్ వేదికపై ఆయన దీర్ఘకాలిక స్తబ్ధత గురించి మాట్లాడారు. వడ్డీ సున్నా దగ్గరున్నా ఆర్థిక వ్యవస్థ పుంజుకోకపోవచ్చన్నది దాని సారం. గద్దలా వడ్డీలు పెంచేస్తాడని భయపడినవారు ఊహించిన ప్రసంగం కాదది. 2021లో మళ్లీ తిరగబడింది. 1.9 లక్షల కోట్ల డాలర్ల ఉద్దీపన ధరలను రేపుతుందని హెచ్చరించింది ఆయన, దాన్ని ఆర్థికమంత్రిగా సమర్థించింది యెలెన్. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం.

ఈ పద్ధతి డెమొక్రాట్ల సొత్తు కాదు. ట్రంప్ 2020లో ఫెడ్ బోర్డుకు పంపిన జూడీ షెల్టన్ కమిటీని 13–12తో దాటారు గానీ, నవంబరు 17న సభలో 47–50తో ఆగిపోయారు. సొంత పార్టీలో మిట్ రామ్నీ, సూసన్ కాలిన్స్ వంటివారు వ్యతిరేకించారు, మరో ఇద్దరు కోవిడ్ క్వారంటైన్‌లో చిక్కుకున్నారు. ఒకటి రెండు ఓట్ల అంతరమున్న చోట జ్వరం కూడా నియామకాన్ని ఆపగలదు.

ఈ పట్టు ఎక్కడ పనిచేయదో కూడా చూడాలి. 2009లో సమ్మర్స్‌ను ఒబామా జాతీయ ఆర్థిక మండలికి తెచ్చినప్పుడు కూడా డెరివేటివ్‌ల చరిత్ర అందరికీ తెలుసు, విమర్శలూ వచ్చాయి. ఆపలేకపోయారు, ఎందుకంటే ఆ పదవికి సెనేట్ ఆమోదం అక్కర్లేదు. 2013 విజయంతో ఉత్సాహం పెరిగిన వారెన్ వర్గం 2014 నవంబరులో ఇంకో పేరు పట్టుకుంది. లజార్డ్ అనే పెట్టుబడి బ్యాంకుకు చెందిన ఆంటోనియో వైస్‌ను ట్రెజరీలో దేశీయ ఆర్థిక వ్యవహారాల అండర్ సెక్రటరీగా ఒబామా ప్రతిపాదించారు. రెండు నెలలు గొడవ నడిచాక, 2015 జనవరిలో తన పేరు మళ్లీ సెనేట్‌కు పంపవద్దని వైస్ కోరారు. మద్దతుదారులు గెలిచామనుకున్నారు. ఆయన అదే ట్రెజరీలో మంత్రికి సలహాదారుగా చేరారు. దానికి సెనేట్ ఓటు అక్కర్లేదు.